బండి మీది ఒంటరి మనిషి

మన పెద్దలు కరీంనగరం, వరంగల్లు, నల్లగొండ ప్రాంతాలు విడిచి భివండి చేరినప్పుడు వారికి దొరికిన పని కష్టమైనదే. కాని అది ఒంటరి పని కాదు. సాంచాల కార్ఖానాలో ఒకని చెయ్యి పట్టాలో చిక్కుకుంటే, ఆ చప్పుడులో కేక వినబడకపోయినా, పక్క సాంచా మీది మనిషికి కనబడేది. అతడు పరుగెత్తి వచ్చి మీట నొక్కేవాడు. నేడు అవే ఇళ్లలోని పిల్లలు కొందరు టెంపో తోలుతున్నారు. కొందరు మోటారు సైకిలు మీద ఇంటింటికీ పార్సిళ్లు అందిస్తున్నారు. వీరికి పక్క సాంచా లేదు. పడితే చూచే కన్ను లేదు. ఈ సంగతి మన కుటుంబాలలో తగినంతగా ఆలోచించినట్లు కనబడదు గనుక నాలుగు మాటలు వ్రాయ సాహసిస్తున్నాను.

ముంబయిలో జకాతు వసూలు చేసే రోజుల్లో, ఆ ఎల్లకు బయట సరుకు దింపుకొనటానికి వ్యాపారులు భివండి చుట్టుపక్కల గోదాములు కట్టారు. 2017 జూలై 1న జి.యస్.టి. వచ్చి జకాతు పోయింది. గోదాములు మాత్రం పోలేదు సరికదా, ఇంకా పెరిగినవి. అంజూర్ ఫాటా, మాన్‌కోలి, రాహనాళ్, పూర్ణా, కాల్హేర్ వైపు వెళ్లి చూచినవారికి వేరే చెప్పనక్కరలేదు. రాత్రింబవళ్లు కంటైనరు లారీలు, వాటి సందుల్లో టెంపోలు, ఆ సందుల్లో మళ్లీ మోటారు సైకిళ్లు. వానాకాలంలో గుంటలు నీళ్ల క్రింద దాగి వుంటాయి.

పూర్వం లారీ అంటే ఇద్దరు మనుషులు: డ్రైవరు, క్లీనరు. వెనుకకు తీసేటప్పుడు క్లీనరు దిగి చేయి వూపేవాడు, టార్పాలిన్ కట్టేటప్పుడు తాడు పట్టేవాడు, రాత్రి కునుకు వస్తే పిలిచి లేపేవాడు. ఇప్పుడు చిన్న బండ్లలో ఆ రెండవ మనిషి ఖర్చు క్రింద లెక్కకు వచ్చి తొలగిపోయాడు. పని మాత్రం తగ్గలేదు. ఇద్దరి పని ఒకడే చేస్తున్నాడు.

దాని ఫలితం ఒకటి నాకు తెలుసు. కొన్నేళ్ల క్రిందట మన పేట కుర్రవాడొకడు రాత్రివేళ ఒక గోదాము వెనుక టెంపో పైకెక్కి టార్పాలిన్ కడుతూ, తడితాడు జారి క్రింద పడ్డాడు. తుంటి ఎముక విరిగింది. ఫోను క్యాబినులో వుంది. తెల్లవారి కాపలావాడు చూచేవరకు వానలోనే పడివున్నాడు. ఇంట్లోవారు బండి ఇంకా తిరుగుతున్నదనుకున్నారు. ఆఫీసువారు ఇంటికి పోయాడనుకున్నారు. నేటికీ కుంటుతూనే నడుస్తాడు. పడటం ఒక్క క్షణపు పని. అతనిని ఎక్కువగా చెరిపినది ఆ తరువాతి గంటలు.

నేనూ ఇటువంటి ఆఫీసులోనే గుమాస్తాను. మా పుస్తకంలో బండి నంబరు, డ్రైవరు పేరు, సరుకు, బయలుదేరిన వేళ — ఇన్నిటికీ గళ్లున్నవి. సరుకు ముట్టినట్లు సంతకానికి గడి వుంది. మనిషి క్షేమంగా తిరిగి చేరినట్లు వ్రాయటానికి గడి లేదు. నేను చూచిన మరి కొన్ని ఆఫీసుల పుస్తకాలూ ఇంతే. పార్సిలు ఎక్కడున్నదీ కొన్నవారికి నిమిష నిమిషానికీ ఫోనులో తెలుస్తుంది. దాన్ని మోసేవాడు ఎక్కడున్నదీ అతని తల్లికి తెలియదు.

రైల్వేవారిని చూడండి. మన భివండి రోడ్ స్టేషను వసాయి–దివా మార్గంలో వున్నది. రైల్వేలో తరతరాలుగా వస్తున్న పద్ధతి ఏమంటే, ముందు స్టేషను నుంచి లైన్ క్లియర్ రానిదే బండిని వదలరు. వదిలిన బండి అవతల చేరినట్లు కబురు వచ్చేవరకు ఆ పద్దు మూయరు. కబురు రాకపోతే ఎవరో అడగమనేవరకు ఆగరు, తామే విచారిస్తారు. వందలమంది ఎక్కిన రైలుకు ఉన్న ఈ జాగ్రత్త ఒంటరిగా పోయే మనిషికి వుండకూడదా? పైసా ఖర్చులేని ఏర్పాటిది. చేరవలసిన వేళ ముందే అనుకోవాలి. ఆ వేళ దాటి అరగంటైతే ఫోను చేసే మనిషి ఒకడుండాలి. ఫోను ఎత్తకపోతే తరువాత ఎవరికి చెప్పాలో వ్రాసి వుండాలి. “ఎవరో ఒకరు చూస్తారులే” అన్నచోట ఎవరూ చూడరు.

బయటి ప్రమాదం ఒక్కటే కాదు, గుమ్మం లోపలిదీ వుంది. 2023 జనవరిలో హైదరాబాదు బంజారాహిల్సులో భోజనం అందించబోయిన 23 ఏళ్ల యువకుని ఆ ఇంటి కుక్క తరిమింది. తప్పించుకొనబోయి మూడవ అంతస్తు నుంచి పడి, కొద్దిరోజులకు మరణించాడు. అదే సంవత్సరం డిసెంబరులో తెలంగాణ ప్రభుత్వం ఇటువంటి పనివారికి 5 లక్షల రూపాయల ప్రమాద బీమా ప్రకటించింది. మంచిదే, కాని బీమా పోయినవాని ఇంటికి. గొలుసు బ్రతికివున్నవానికి.

ఇక నిద్ర. 2022లో దేశంలో రోడ్డు ప్రమాదాలలో 1,68,491 మంది మరణించారు. వారిలో నూటికి 44 మందికి పైగా ద్విచక్ర వాహనాల మీదివారే. 1997లో ఆస్ట్రేలియాలో పరీక్షించి చూడగా, 17 గంటలు మెలకువగా వున్నవాని చురుకుదనం, రక్తంలో 100 మిల్లీలీటర్లకు 50 మిల్లీగ్రాముల మద్యమున్నవాని స్థాయికి దిగిపోయినట్లు తేలింది. మన చట్టం 30 మిల్లీగ్రాములు దాటితేనే నేరమంటుంది. తాగి నడిపేవానిని మనమంతా తిడతాము. ఉదయం 5కు లేచి రాత్రి 10కి ఇంకా బండి మీదున్నవానిని “కష్టజీవి” అని మెచ్చుకుంటాము. 1961 నాటి మోటారు రవాణా కార్మికుల చట్టం రోజుకు 8 గంటల పని, 5 గంటలు దాటకముందే అరగంట విశ్రాంతి అని విధించింది. ఆ చట్టం స్థానంలో ఇప్పుడు కొత్త సంహిత వచ్చింది గాని, మనిషి ఒళ్లు మారలేదు. కునుకు వస్తే కిటికీ తెరిచినందువల్ల, పాటలు పెట్టినందువల్ల ఆగదు. వెలుతురున్న చోట బండి ఆపి, పావుగంట పడుకోవటమే మందు.

బండి నడిపే తమ్ములకు కొన్ని మాటలు. ఫోను క్యాబినులో గాక ఒంటి మీద వుంచుకోండి. రాత్రి దూరం పోయేటప్పుడు వాట్సాపులో లైవ్ లొకేషన్ 8 గంటల వరకు ఇంటివారికి పంపవచ్చును. బండి పైకెక్కేముందు మీద కరెంటు తీగలున్నవేమో చూడండి. వెనుకకు తీసేముందు దిగి చూడండి. ఎవరైనా డబ్బుకు అడ్డగిస్తే ఇచ్చివేయండి; సరుకు మళ్లీ వస్తుంది. ఆపదలో 112, అంబులెన్సుకు 108, జాతీయ రహదారిపై 1033 — ఈ మూడూ నోటికి రావాలి. దారిలో మరొకడు పడివుంటే వదలిపోకండి. ఆసుపత్రికి చేర్చినవానిని పేరు చెప్పమని బలవంతం చేయరాదని, కేసులో ఇరికించరాదని 2019 చట్టసవరణ చెబుతున్నది.

యజమానులలో మనవారూ వున్నారు. పుస్తకంలో మరో గడి గీయటం వారికి పెద్ద పని కాదు. సామాజిక భద్రతా సంహిత 2025 నవంబరు 21 నుంచి అమలులోకి వచ్చింది. యాప్‌ల ద్వారా పనిచేసేవారిని కేంద్ర చట్టం పేరు పెట్టి గుర్తించటం ఇదే మొదలు. వారి సంక్షేమానికి కంపెనీలు తమ టర్నోవరులో 1 నుంచి 2 శాతం వరకు చెల్లించాలని అందులో వుంది. అది చేతికందేలోపల చేయదగినవి మన చేతిలోనే వున్నవి.

ఇళ్లలో వుండేవారికి చివరిమాట. పార్సిలు వచ్చే వేళకు మెట్ల మీద దీపం వెలిగించండి. కుక్కను కట్టివేయండి. రెండు నిమిషాలు ఆలస్యమైతే ఫిర్యాదు వ్రాయకండి. ఆ రెండు నిమిషాల కోసమే అతడు సిగ్నలు దాటుతాడు. ఎండవేళ మంచినీళ్లు ఇవ్వండి. మన ఇంటి కుర్రవాడు వెళ్లేటప్పుడు “చేరంగనే ఫోను చెయ్యి బిడ్డా” అనటం మన తల్లులకు అలవాటే. ఆ మాటకు ఒక వేళ కూడా చేర్చండి: “పది గంటలకు చెయ్యి, పదిన్నర దాటితే నేను నీ సేటుకు చేస్త.” ఆ సేటు నంబరు, తోటి డ్రైవర్లు ఇద్దరి నంబర్లు ఒక కాగితం మీద వ్రాసి తలుపు వెనుక అంటించండి. ఈ పనికి ఈ రాత్రే పూనుకొనవచ్చును.