నిన్నటి నియమం, నేటి శిక్ష

ఆఫీసు కాగితాల మధ్య సగం ఆయుస్సు గడిపినవాళ్లం మేము. ఎంత చిన్న గుమాస్తానైనా శిక్షించే ముందు మెమో ఇచ్చి సంజాయిషీ అడగాలి. ఫిర్యాదు చేసినవారే తీర్పు చెప్పరాదు. ఈ పద్ధతి తప్పితే ఏమవుతుందో 2022 డిసెంబరులో అమెరికాలో కనబడింది.

ఆ ఏడు అక్టోబరులో ఎలాన్ మస్క్ గారు ట్విట్టర్ సంస్థను 4,400 కోట్ల డాలర్లకు కొన్నారు. వాక్స్వాతంత్ర్యమే తన ధ్యేయమన్నారు. తన సొంత విమానం రాకపోకలను బహిరంగ సమాచారం నుంచి తీసి ప్రకటించే ఖాతాను సైతం మూయబోనని నవంబరులో మాట ఇచ్చారు. డిసెంబరు 14న ఆ ఖాతా మూతపడింది. ఒక మనిషి ఈ క్షణాన ఎక్కడున్నదీ వెల్లడించరాదని అదే రోజు కొత్త నియమం వెలిసింది. మరునాడు రాత్రి ఆ సంగతులు వ్రాస్తున్న న్యూయార్క్ టైమ్స్, వాషింగ్టన్ పోస్ట్, సి.ఎన్.ఎన్. విలేకరుల ఖాతాలతో పాటు మరికొందరివీ ఆగిపోయాయి.

మస్క్ గారి బాధను కొట్టివేయలేము. తన బిడ్డ ఉన్న కారును లాస్ ఏంజిల్స్‌లో ఎవరో వెంబడించారని ఆయన చెప్పారు. ఏ తండ్రి గుండె ఝల్లుమనదు? విమానం జాడకు దారి చూపడమూ తప్పేనని ఆయన వాదం. తాము చేసింది వార్త వ్రాయడమేనని విలేకరుల వాదం. ఇందులో ఎవరిది న్యాయమో తేల్చవలసింది మూడో మనిషి. ఇక్కడ నియమం పెట్టినవారూ, నొచ్చుకున్నవారూ, తీర్పరీ ఒక్కరే అయినారు.

ఐక్యరాజ్యసమితి, ఐరోపా సమాఖ్య ఆక్షేపించాయి. మస్క్ గారు ఓటు పెట్టగా, వెంటనే తెరవాలని నూటికి 59 మంది దాకా కోరారు. 17వ తేదీ నాటికి పలు ఖాతాలు తెరుచుకున్నాయి. కొందరిని మాత్రం ముందు తమ వ్రాతను తుడిచివేయమన్నారు. ఓటుతో తెరిచిన తలుపును రేపు ఓటుతోనే మూయవచ్చు గదా! ఆ సంస్థ 2023లో ఎక్స్ అని పేరు మార్చుకున్నది.

ఇది ఎక్కడో విలేకరుల గొడవ అని ఊరుకోరాదు. ఊరుగాని ఊళ్లో తరతరాలుగా కాపురమున్న మనకు అద్దె యింటి సంగతి కొత్తది కాదు. నేడు మన సంఘం పిలుపులు, పెళ్లి కబుర్లు, చావు కబుర్లు ఎక్కువగా ఫోనులోని ఇలాంటి అద్దె యిళ్లలోనే నడుస్తున్నాయి. యజమాని తాళం వేస్తే అడిగే దిక్కుండదు. అందుచేత సభ్యుల పేర్లు, చిరునామాలు ఒక పుస్తకంలో వ్రాసి ఉంచుదాం. నియమం పెట్టేవారు ఎంత గొప్పవారైనా, సంజాయిషీ అడగనిదే శిక్ష వేయరాదని నలుగురిలో చెబుదాం.