మార్ఖా లోయలో ఇంటి అతిథి

ఏనుగుల వీరాస్వామయ్యగారు 1830 మే 18వ తేదీన చెన్నపట్టణమునుండి కాశీకి బయలుదేరినప్పుడు ఆయన వెంట బోయీలు, వంటవారు, నౌకరులు, బంధుమిత్రులు కలసి దాదాపు నూరుమంది పరివారము నడిచెను. మజిలీకి డేరాలు, వంటకు పాత్రలు సంభారములు సర్వమును వెంట సాగవలసియుండెను. చోరభయమును, దట్టమైన అడవులును గల ఆ కాలమున దూరదేశమునకు ఏకాకియై పయనించుట ధైర్యముగా గాక అవివేకముగానే ఎంచబడెడిది. నేడన్ననో, వీపున ఒక సంచియు, జేబులో ముందే లెక్క చూచుకొన్న కొద్దిపాటి ధనమును గల యువకుడో యువతియో దేశమున మిక్కిలి ఎత్తైన లోయలలోనికి ఒంటరిగా నడిచిపోయి, ప్రొద్దు గ్రుంకువేళకు ఏ రైతు ఇంటనో పొయ్యి ప్రక్కను కూర్చుండి భోజనము చేయగలుగుచున్నారు. ఇట్టి ఆతిథ్యము ఎట్లు నిలుచుచున్నదో, దానివలన ఆ ఇంటికి ఒరుగునదేమో తెలిసికొనగోరువారికి లడఖ్‌లోని మార్ఖా లోయను మించిన తావు నాకు కనబడలేదు.

సింధునదికి దక్షిణమున, లేహ్ పట్టణమునకు ఎదుట నిలిచిన కొండల వెనుక ఈ లోయ యున్నది. 1981లో ఏర్పడి నేడు సుమారు 4,400 చదరపు కిలోమీటర్ల మేర విస్తరించిన హెమిస్ జాతీయోద్యానమున ఇది భాగము. రుమ్‌బక్, స్కియు, మార్ఖా, హంకర్ అను గ్రామములు వాగుల వెంబడి పూటనడక, దినపు నడక దూరములలో నెలకొనియున్నవి. యురుత్సే అను ఊరిలోనైతే ఉన్నది ఒక్కటే ఇల్లు. వానను దాదాపుగా ఎరుగని ఆ నేలమీద మంచు కరిగిన నీటిని సన్నని కాలువలుగా మళ్ళించుకొని, ఏటికి ఒక్క పంటగా యవలును బఠాణీలును పండించుకొని, మేకలను, గొఱ్ఱెలను, జడలబఱ్ఱెలను మేపుకొని ఆ జనులు తరతరములుగా బ్రదుకుచున్నారు.

1974లో లడఖ్ యాత్రికులకు తెరువబడిన పిమ్మట ఈ లోయకు జనము రాసాగిరి. కాని వారు వచ్చిన తీరు వేరు. లేహ్‌లోనే గుఱ్ఱములను, వంటవానిని, డేరాలను, డబ్బా ఆహారములను కుదుర్చుకొని గుంపులుగా వచ్చి, ఊరి వెలుపల విడిసి, మరునాడు వెడలిపోయెడివారు. వారి గుఱ్ఱములు ఊరి పశువులకు దక్కవలసిన గడ్డిని మేసినవి. వారి ఖాళీడబ్బాలు వాగు ఒడ్డున మిగిలినవి. వారు ఖర్చుపెట్టిన ధనము మాత్రము లేహ్‌లోనే నిలిచిపోయెను. కనుకనే, అల్పవ్యయముతో ఒంటరిగా వచ్చు పాదచారి వలన ఊరికేమి లాభమని పెదవి విరుచువారితో నేను ఏకీభవింపజాలను. వాడు వెచ్చించునది స్వల్పమే కావచ్చును; ఆ స్వల్పము మాత్రము అన్నము వండిపెట్టిన చేతిలోనికే పోవును.

ఊరి వెలుపలి డేరాలనుండి ఇంటి బసకు కలిగిన మార్పునకు మూలము ఒక మృగము. మంచుచిరుత రాత్రివేళ కొట్టములోనికి దుమికెనేని ఒక్క గొఱ్ఱెతో తృప్తిపడదు. బెదరి పరుగిడు మందనంతటిని చంపివేయును. ఏడాది ఆదాయము ఒక్క రాత్రిలో నశించిన కాపరి పగబట్టి ఆ మృగమును చంపుటలో వింతయేమున్నది? లడఖీయుడైన రించెన్ వాంగ్‌చుక్ మంచుచిరుతల సంరక్షణ సంస్థ తరఫున గ్రామస్థులతో కూర్చుండి మాటలాడి, కొట్టములకు ఇనుపవలతో పైకప్పులు వేయించుటయే గాక, చిరుత బ్రదికియుండుట వలన ఊరికి ఆదాయము వచ్చు మార్గమేదియని వారితోనే ఆలోచించెను. ఆ ఆలోచన ఫలితముగా 2002 ప్రాంతమున రుమ్‌బక్ మొదలైన గ్రామములలో ఇంటింటి బస ఏర్పాటు మొదలయ్యెను. ఆయన 2011లో చిన్నవయసుననే మరణించెను. ఆయన నాటిన ఏర్పాటు ఇతర లోయలకు సైతము ప్రాకినది.

ఏర్పాటు యొక్క పద్ధతి మిక్కిలి సరళము. అతిథి ఇంటిని ఎంచుకొనడు; ఆ రాత్రి ఏ ఇంటి వంతో ఆ ఇంటికి పోవును. తలకు ఇంత అని ముందే నిర్ణయించిన రుసుములోనే రాత్రి భోజనము, ఉదయపు ఫలహారము, మరునాటి దారిబత్తెము ఇమిడియుండును. వచ్చిన దానిలో నూటికి పది వంతులు ఊరి పరిరక్షణ నిధికి చేరును. రహదారి ప్రక్కనున్న ఇల్లు సంపన్నమై, మూలనున్న ఇల్లు చిన్నబోవు దురవస్థ ఈ వంతుల వలన తప్పినది. పొలమునకు నీటిని వంతులవారీగా పారించుటయు, మందను ఇంటికొకరు చొప్పున వంతులు వేసికొని కాయుటయు లడఖ్ గ్రామములలో పాతకాలపు ఆచారములే గనుక, అతిథిని వంతులవారీగా పంచుకొనుట వారికి ఎవ్వరును నేర్పవలసిన విద్య కాలేదని నా నమ్మకము. మన పల్లెలలో పేద విద్యార్థులు సోమవారము ఒక ఇంట, మంగళవారము వేరొక ఇంట వారములు చేసికొని చదువుకొన్న రోజులు ఎరిగిన తెలుగువారికి ఇందలి మర్మము సులభముగా బోధపడగలదు: భారము ఏ ఒక్కరిపైనను పడలేదు, చిన్నతనము ఎవ్వరికిని కలుగలేదు.

మార్ఖాలో నాకు వంతు వచ్చిన ఇల్లు మిద్దెమీద గడ్డిమోపులు పేర్చిన ప్రాతయిల్లు. ‘జూలే’ అని పలుకరించిన ఆమలే (ఇంటి తల్లిని అచ్చట అందరును అట్లే పిలుతురు) నేరుగా వంటింటికి తోడుకొనిపోయినది. ఆ ఇండ్లలో వంటిల్లే కొలువుకూటము. గోడ పొడవునను రాగి ఇత్తడి పాత్రలు వరుస తీరియుండును. నడుమ ఎండుపేడతో మండు ఇనుపపొయ్యి. దాని చుట్టు కంబళ్ళు, ముందు పొట్టి బల్లలు. కూర్చుండుటలో వయసును బట్టి వరుస యున్నది. పెద్దవారు పొయ్యికి దగ్గరగా కూర్చుందురు. వెన్నయు ఉప్పును వేసి చిలికిన తేనీరు ఒక్క గ్రుక్క త్రాగగానే గిన్నె మరల నిండును. ఏది ఇచ్చినను మొదట రెండు మూడు మారులు వద్దనుట అచ్చటి మర్యాద. మొహమాటమన నేమో ఎరిగిన మనవారికి ఇది నేర్పనక్కరలేదు. ఆ రాత్రి వంట స్క్యూ. గోధుమపిండి ముద్దను తుంచి, బొటనవ్రేలితో నొక్కి దొప్పవలె చేసి, బంగాళదుంపలతోను ఆకుకూరతోను ఉడికింతురు. నేనును ప్రక్కన కూర్చుండి నొక్కుచుండగా, దళసరిగా వచ్చిన వానిని ఆ ఇంటి మనుమరాలు మాటలాడకుండ ఏరి, పలుచగా మరల నొక్కి గిన్నెలో వేసినది. మా కోనసీమలో కాలువ నీరు ఏడాదిలో చాల భాగము పారునని నేను హిందీలో చెప్పగా, ఆ ఇంటి తాత దానిని మరల మరల అడిగి, ఆ నీటికి వంతులెవరు చూతురని ప్రశ్నించెను. పదిమందితో పోయినవాడు ఆ పదిమందితోనే మాటలాడును. ఒంటరిగా పోయినవానికి ఇంటివారే తోడు. వంటింటిలో ఒక్కనికి చోటు ఎప్పుడును దొరకును.

ఇండ్లను నడుపువారు చాలవరకు స్త్రీలే. కావున ఒంటరిగా పయనించు ఆడపిల్లలకు నేను ఈ లోయను నిస్సంకోచముగా సూచింతును.

అయినను కొన్ని జాగ్రత్తలు తప్పనిసరి. లేహ్ పట్టణమే 3,500 మీటర్ల ఎత్తున ఉన్నది. విమానమున దిగినవాడు రెండు మూడు దినములు అచ్చటనే విశ్రమింపవలెను. ధనము పొదుపు చేయగోరువాడు శ్రీనగర్ నుండి బస్సులో కార్గిల్ మీదుగా వచ్చుట దేహమునకు కూడ మేలు, ఎత్తు మెల్లమెల్లగా పెరుగును గనుక. మూడువేల మీటర్లు దాటిన పిమ్మట ఒక రాత్రి బసకును మరుసటి రాత్రి బసకును నడుమ 500 మీటర్లకు మించి ఎక్కరాదు. తలనొప్పియు, వికారమును హెచ్చినచో పైకి పోవుట మాని క్రిందికి దిగవలెను. ఈ విషయమున తోడులేనివాడు మరింత నిక్కచ్చిగా ఉండవలెను. మంచువాగులు మధ్యాహ్నమునకు పొంగును గనుక ఉదయముననే దాటవలెను. ప్రతి ఉదయము, ఏ ఊరికి పోవుచున్నదియు ఇంటివారికి చెప్పి బయలుదేరవలెను. ఇతర రాష్ట్రముల ప్రీపెయిడ్ సిమ్ములు లడఖ్‌లో పనిచేయవు. లోయలో బ్యాంకు లేదు, నగదు వెంట ఉంచుకొనవలెను. రుసుము విషయమున బేరమాడుట మాత్రము ఘోరమైన తప్పు. ఆ కట్టెపుల్ల, ఆ పేడపిడక, ఆ బియ్యము ఎంత శ్రమతో ఆ ఎత్తునకు చేరినవో చూచినవాడు బేరమాడజాలడు. సీసానీరు కొనక, ఇంటివారు కాచియిచ్చిన నీటినే సీసాలో నింపుకొనవలెను. మరుగుదొడ్డిలో నీరు వాడరు. ప్రక్కనున్న మట్టిని పారతో రంధ్రమున త్రోయవలెను. ఏడాదికి అది ఎరువై పొలమునకు చేరును.

ఇప్పుడు మోటారుబాట చిల్లింగ్ అను ఊరు దాటి లోయలోనికి వచ్చుచున్నది. రోగిని ఆసుపత్రికి చేర్చుటకును, లేహ్‌లో చదువుకొను పిల్లలు ఇంటికి వచ్చిపోవుటకును అది గ్రామస్థులు కోరుకొన్న బాట. దానిని కాదనుటకు యాత్రికునికి హక్కు లేదు. అయితే బాట చివరివరకు కారులో వచ్చి అచ్చటినుండి నడక ప్రారంభించువారి సంఖ్య పెరిగినకొలది, పై ఊళ్ళ వంతులు ఖాళీగా తిరుగుచున్నవి. అందువలన పోదలచినవారికి నేను చెప్పునది ఇది: జింగ్‌చెన్ అను చోటినుండి నడక మొదలుపెట్టి, రుమ్‌బక్‌లో ఒక రాత్రియు, యురుత్సేలోని ఆ ఒక్క ఇంటిలో ఒక రాత్రియు ఉండి, 4,900 మీటర్లు దాటిన గండా కనుమ మీదుగా స్కియుకు దిగవలెను. దినములు రెండు ఎక్కువ పట్టును, మోకాళ్ళకు శ్రమ కలుగును. కాని ఎత్తునకు దేహము అలవడుటకు ఆ త్రోవయే మంచిది, ఆ పై ఇండ్లకు వంతు దక్కుటకును అదియే త్రోవ.