గోప్యతా రక్షణలో న్యాయవాది

నమ్మి అప్పగించిన సొమ్మును ఉర్దూలో 'అమానత్' అందురు. తెలుగున కూడ ఆ మాట 'అమానతు'గా వాడుకలో కలదు. యజమాని అనుమతి లేక దానిని వాడుకొనుట తప్పని అందరెరిగినదే. నేడు మనము పరులకు అప్పగించుచున్నవి ఫోను నంబరు, వేలిముద్ర, వ్యాధి వివరము, బ్యాంకు లెక్క. వీటిని సైతము అమానతుగానే కాపాడవలెనని వాదించుట గోప్యతా న్యాయవాది వృత్తి. ఇది కంప్యూటరు చదివినవారికే పరిమితమని మన విద్యార్థులు కొందరు వెనుకాడుట మేము గమనించుచున్నాము. ఆ సంకోచము అనవసరము.

1986లో ఆంధ్రప్రదేశ్‌లో స్టాంపు చట్టము 73వ సెక్షనును సవరించి, కలెక్టరు అధికారమిచ్చిన ఏ వ్యక్తియైనను బ్యాంకులలోని పత్రములను తనిఖీ చేసి, అవసరమైన స్వాధీనపరచుకొనుటకు వీలు కల్పించిరి. హైకోర్టు ఆ నిబంధనను కొట్టివేయగా, 2004లో సుప్రీంకోర్టు ఆ తీర్పును సమర్థించినది. గోప్యత స్థలమునకు గాక వ్యక్తికి చెందినదనియు, పత్రము బ్యాంకు చేతికి పోయినంతనే ఆ హక్కు పోదనియు వివరించినది. ఆ వాదనలో యంత్రముల ప్రసక్తియే లేదు. పిదప 2017 ఆగస్టు 24న, విశ్రాంత న్యాయమూర్తి పుట్టస్వామి వ్యాజ్యములో తొమ్మండుగురు న్యాయమూర్తులు గోప్యత ప్రాథమిక హక్కని ఏకగ్రీవముగా తీర్పు చెప్పిరి. కృష్ణాజిల్లాలో జన్మించిన జస్టిస్ చలమేశ్వర్ వారిలో ఒకరు.

ఈ న్యాయవాది పని మూడు దశలలో సాగును. మొదటిది, సంస్థ ఏ వివరమును ఎందుకు అడుగుచున్నదో, పని తీరిన పిమ్మట తుడిచివేయుచున్నదో లేదో పరిశీలించి ఒప్పందములు వ్రాయుట. రెండవది, సైబరు దాడి జరిగినపుడు సలహా చెప్పుట. 2022 నాటి సెర్ట్-ఇన్ ఆదేశము ప్రకారము దాడిని గుర్తించిన 6 గంటలలో ఆ సంస్థకు తెలుపవలెను. మూడవది, నష్టపోయినవారి పక్షమున పరిహారము కోరుట.

2023లో వ్యక్తిగత డేటా రక్షణ చట్టము వచ్చినది. 2025 నవంబరులో నియమావళి వెలువడినది. ముఖ్య బాధ్యతలు అటుపై 18 నెలలకు అమలగునట్లు నిర్ణయించిరి. జరిమానా 250 కోట్ల రూపాయల వరకు ఉండవచ్చును. అయితే కొన్ని ప్రభుత్వ సంస్థలకు మినహాయింపునిచ్చు అధికారమును కేంద్రము తనకే ఉంచుకొన్నది. దాని హద్దులను కోర్టులో ప్రశ్నింపవలసినది కూడ న్యాయవాదియే.

ఈ చట్టములో మన కళాశాలకు మిక్కిలి చెందిన నిబంధన ఒకటి కలదు. సమ్మతి కోరు ప్రకటనను ఇంగ్లీషులో గాని, రాజ్యాంగము 8వ షెడ్యూలులోని ఏ భాషలో గాని చదువుకొను అవకాశము వ్యక్తికి ఇవ్వవలెను. తెలుగు, ఉర్దూ రెండును ఆ షెడ్యూలులోనివే. అర్థము కాని కాగితముపై వేసిన వేలిముద్రను సమ్మతి యనుట న్యాయము కాదు. చట్టార్థము చెడకుండ, కూరగాయలమ్మునామెకు సైతము తెలియునట్లు ఆ ప్రకటనను వ్రాయగలవారు కావలెను. రెండు భాషలు నేర్చిన మన విద్యార్థులకంటె అందుకు తగినవారెవరు?

ఇంటర్మీడియట్ పిదప 5 ఏండ్లు, లేదా డిగ్రీ పిదప 3 ఏండ్లు న్యాయశాస్త్రము చదువవలెను. ఉభయ తెలుగు రాష్ట్రములలోను లాసెట్ ప్రవేశపరీక్ష కలదు. భాషను తక్కువచేసి చూడక, చట్టమును శ్రద్ధగా చదివి, మన విద్యార్థినీ విద్యార్థులు ఈ వృత్తిలో అడుగిడవలెనని మా ఆకాంక్ష.