పసిబిడ్డకు గాత్రసుఖం: పెద్దలు చెప్పిన మృదుస్పర్శ

సింహాచల క్షేత్రంలో సంతానాన్ని కోరి కప్పస్తంభాన్ని కౌగిలించుకొన్న దంపతులు, కోరిక ఫలించిన తరువాత బిడ్డను ఎత్తుకొని స్వామి దర్శనానికి రావడం మన పెందుర్తి ప్రాంతంలో తరతరాలుగా ఉన్న ఆచారం. మొక్కు తీరినది. ఇక స్వామి ప్రసాదించిన ఆ పసికందును కాపాడుకొనే భారం మన చేతులది. ఆ చేతులు ఎట్లుండవలెనో మన శాస్త్రాలు వివరంగానే చెప్పినవి.

ఆయుర్వేదానికి గల ఎనిమిది అంగాలలో కౌమారభృత్యం ఒకటి. దానికి ప్రధాన గ్రంథం కాశ్యపసంహిత. చిరకాలం మరుగున పడిన ఈ గ్రంథం నేపాళంలో హేమరాజశర్మగారికి తాళపత్రప్రతిగా లభించి, 1938లో అచ్చయినది. అందులో వేదనాధ్యాయమని ఒక భాగమున్నది. మాటలు రాని బిడ్డ తన బాధను ఎట్లు తెలుపుతుందో అక్కడ చెప్పినారు. తలనొప్పి ఉన్న బిడ్డ మాటిమాటికి తల కదల్చుతుంది, కన్నులు మూసుకొంటుంది. చెవినొప్పి ఉంటే చేతులతో చెవులను తాకుతుంది. కడుపునొప్పి ఉంటే పాలు మానుతుంది, ఏడుస్తుంది, పొట్ట బిగుస్తుంది, ముఖాన చెమట పడుతుంది. బిడ్డ ఏడుపును దృష్టిదోషమని తోసివేయక, దానిని బిడ్డ పలికే భాషగా గ్రహించవలెనని దీని సారాంశం.

సుశ్రుతాచార్యులు శారీరస్థానంలో బిడ్డను అవయవాలకు సుఖం కలిగేటట్లు ఎత్తుకోవలెనని విధించినారు. గద్దించరాదు, నిద్రనుండి హఠాత్తుగా లేపరాదు, ఒక్కసారిగా లాగరాదు, పైకి ఎగురవేయరాదు, వేళకు ముందే కూర్చుండబెట్టరాదు. చరకాచార్యులు ఆటవస్తువులు బరువైనవి, మొన తేలినవి, నోటిలో పట్టేటంత చిన్నవి కారాదన్నారు. నేటి వైద్యులు చెప్పే మాటలూ ఇవే.

పాశ్చాత్యదేశాలలోనూ స్పర్శచికిత్స ఉన్నది. అమెరికాలో 1874 ప్రాంతంలో ఆండ్రూ టేలర్ స్టిల్ అనే వైద్యుడు ఆస్టియోపతి అనే పద్ధతిని ఆరంభించినారు. ఆ మార్గంలోని కొందరు పసిబిడ్డల తలను, వీపును మెల్లగా తాకి ఏడుపును, కడుపునొప్పిని ఉపశమింపజేస్తామంటారు. అయితే ఆ ఫలితాన్ని నిశ్చయంగా నిరూపించే ఆధారం ఇంకా చాలలేదు. కనుక ముందు శిశువైద్యుని చూపించి, రోగమేమీ లేదని తెలుసుకొనడమే వివేకం.

మొదటి మాసాలలో బిడ్డ ఏడవడం సహజం. ఆరోగ్యవంతుడైన బిడ్డ కూడ ఆరవ వారం ప్రాంతంలో ఎక్కువగా ఏడ్చి, మూడు నాలుగు నెలలకు శాంతిస్తాడు. పాలు పట్టిన తరువాత భుజాన వేసుకొని వీపు నిమిరితే తేన్పు వచ్చి కడుపు తేలికపడుతుంది. కొంచెం పాలు కక్కినా, బరువు సక్రమంగా పెరుగుతూ ఉంటే భయపడవలసిన పని లేదు.

లాలపోయడం మన ఇండ్లలో పెద్దముత్తైదువల విద్య. కాళ్ళు చాపి కూర్చొని, బిడ్డను కాళ్ళమీద పడుకోబెట్టుకొని నూనె రాయడం చక్కని పద్ధతే. పుట్టిన మొదటి 24 గంటలు స్నానం చేయించరాదు. తరువాత గాలి తగలని గదిలో, పాలు పట్టిన వెంటనే కాకుండా, గోరువెచ్చని కొబ్బరినూనెతో అరచేయి బరువు మాత్రమే పడేటట్లు నిమరవలెను. పొట్టను కుడినుండి ఎడమకు, గడియారపు ముల్లు తిరిగే దిశలో నిమిరితే వాయువు సులభంగా వెడలుతుంది. బరువు తక్కువగా పుట్టిన బిడ్డకు వైద్యుని అడిగిన పిమ్మటనే నూనె రాయవలెను.

కొన్ని అలవాట్లను మాత్రం నిస్సంకోచంగా విడువవలెను. తల గుండ్రంగా రావాలని నొక్కరాదు. ప్రసవంలో సాగిన తల కొద్ది వారాలలో తానే సర్దుకొంటుంది. మాడు మీద ఒత్తరాదు. ముక్కులో, చెవులలో నూనె పోయరాదు. చనుమొనలు ఉబ్బితే పిండరాదు. తల్లి రక్తంనుండి వచ్చిన ప్రభావం వల్ల కలిగిన ఆ ఉబ్బు తానే తగ్గుతుంది. సాంబ్రాణిపొగ బిడ్డ ఊపిరికి చేటు. కడుపునొప్పికి వాతలు పెట్టడం పాపమే గాని చికిత్స కాదు.

తేనె విషయం ప్రత్యేకంగా చెప్పవలసి ఉన్నది. జాతకర్మలో తేనె, నేయి నాకించే విధి ఉన్నది. కాని తేనెలో ఉండగల ఒక సూక్ష్మక్రిమి ఏడాదిలోపు బిడ్డల కండరాలను చచ్చుపరచగలదని వైద్యులు గుర్తించినారు. లభించని ద్రవ్యానికి బదులు మరొకటి గ్రహించడాన్ని మీమాంసాశాస్త్రం అంగీకరించినది. హాని చేసే ద్రవ్యాన్ని విడిచి, మంత్రంతో, సంకల్పంతో ఆ కర్మ జరుపుకొంటే లోపం లేదని నా అభిప్రాయం. అట్లే ఆలయంలో తీర్థాన్ని పసిబిడ్డ నోట పోయక, శిరస్సుపై చల్లితే చాలును. మొదటి గంటలో ముర్రుపాలు, ఆరు నెలలు తల్లిపాలు మాత్రమే. అన్నప్రాశనకు గృహ్యసూత్రాలు చెప్పినదీ ఆరవ మాసమే గదా!

క్రింది లక్షణాలు కనిపిస్తే దిష్టి తీస్తూ కాలం వృథా చేయరాదు. మూడు నెలలలోపు బిడ్డకు 38 డిగ్రీల సెల్సియస్, అనగా 100.4 డిగ్రీల ఫారన్‌హీట్, లేక అంతకు మించిన జ్వరం, ఒళ్ళు చల్లబడడం, పాలు త్రాగకపోవడం, పచ్చని వాంతి, మలంలో రక్తం, ఆయాసం, మూర్ఛ, ఏడుపు లేని వేళ మాడు ఉబ్బడం, పుట్టిన మొదటి రోజుననే ఒళ్ళు పచ్చబడడం. ఇట్టి సమయంలో వెంటనే 108కి ఫోను చేయవలెను. విశాఖలో కింగ్ జార్జి ఆసుపత్రి, ఘోషా ఆసుపత్రిగా పేరొందిన విక్టోరియా ఆసుపత్రి మనకు అందుబాటులోనే ఉన్నవి.

చందనోత్సవం వంటి రద్దీ దినాలలో పసికందును గంటల తరబడి వరుసలో నిలుపక, సామాన్య దినాన ఉదయవేళ దర్శనం చేయించండి. ఆలయాలకు విరాళాలిచ్చే దాతలు, తల్లులు నీడలో కూర్చొని బిడ్డకు పాలిచ్చేందుకు ఒక చాటుగది కట్టించినా అది స్వామికి ప్రీతిపాత్రమైన కైంకర్యమే అవుతుంది.

వరాహలక్ష్మీనృసింహస్వామి అనుగ్రహంతో మీ ఇంటి పసిపాపలు దీర్ఘాయుష్మంతులై వర్ధిల్లుదురు గాక. స్వస్తి.