మొండి నట్టు

అమెరికాలో ఏఆర్-15 రకపు తుపాకులు గల గృహస్థులు పలువురు, భుజమున కానించు వెనుకపిడిని ఇంటివద్దనే మార్చుకొందురు. అప్పుడు పిడిగొట్టమును పట్టియుంచు నట్టు ఎంతకును కదలదు. దానికి కారణము తుప్పు కాదు. తుపాకి అదురునకు నట్టు వదులు కాకుండుటకై, ప్రక్కనున్న పలకలోని లోహమును నట్టు గాట్లలోనికి పంచితో దిగగొట్టియుందురు.

కావున మేము చెప్పునది ఒక్కటే: ముందు గడియ తీయుడు, పిమ్మట త్రిప్పుడు.

మొదట తూటాల పెట్టెను తీసి, తుపాకిలో తూటా మిగులలేదని కన్నులార చూడవలెను. పైభాగమును వేరుచేసి, గొట్టములోని స్ప్రింగును వెలికి తీయవలెను. క్రిందిభాగమును వైసులో కదలకుండ నిలిపి, దిగగొట్టిన లోహమును సన్నని ఉలితో పైకెత్తి, గాట్లకు సరిపడు పానాతో వెనుకనుండి చూచినపుడు ఎడమకు త్రిప్పవలెను.

పానాను సుత్తితో మోదరాదు. తుపాకి కాయము అల్యూమినియముది; దాని మరచుట్లు చెడినచో కాయమే వ్యర్థమగును. నట్టును, పలకను స్వల్పవెలకే మరల కొనవచ్చును.

క్రొత్త పలక వేసి, సుమారు 40 అడుగు-పౌనుల బలముతో నట్టును బిగించి, మరల గాట్లలోనికి లోహము దిగగొట్టవలెను. శ్రమ యని దీనిని మానినచో గొట్టము వదులై, తుపాకి పని తప్పును. మనలను విసిగించిన ఆ మొండితనమే తుపాకికి రక్ష.