మీకు తెలుసా? మిషన్ ఎవరిదని అడిగిన కోర్టు

సికింద్రాబాద్ జనరల్ బజార్‌లో చీర కొని, అటునుంచి అటే బ్లౌజుకు కొలతలిచ్చి వచ్చేవాళ్లకు ఈ దృశ్యం కొత్తేం కాదు. మెడలో టేపు వేసుకుని కొలతలు రాసుకునే మాస్టర్ కింద ఉంటాడు. పై అంతస్తులోనో వెనక గదిలోనో మిషన్ల మీద కుట్టేవాళ్లు ఉంటారు. వాళ్లలో చాలామందికి నెల జీతమంటూ ఉండదు, పీసుకింత అని లెక్క. పెళ్లిళ్ల సీజన్‌లో రాత్రి పదకొండైనా మిషన్ ఆగదు. మూఢం వచ్చిందంటే చేతిలో పని ఉండదు, పని లేకపోతే పైసా ఉండదు.

మరి వీళ్లు ఆ షాపులో ఉద్యోగులేనా?

ఈ ప్రశ్న సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. వెళ్లింది కూడా మన దగ్గర్నుంచే. కేసు పేరు సిల్వర్ జూబిలీ టైలరింగ్ హౌస్ వర్సెస్ చీఫ్ ఇన్‌స్పెక్టర్ ఆఫ్ షాప్స్ అండ్ ఎస్టాబ్లిష్‌మెంట్స్. తెలంగాణ ప్రాంతానికి అప్పట్లో 1951 నాటి దుకాణాల చట్టం ఒకటి ఉండేది. మా షాపులకు అది వర్తించదు, మా దగ్గర ఉద్యోగులే లేరు, వచ్చి కుట్టి డబ్బు తీసుకుని పోయేవాళ్లే తప్ప అని యజమానుల వాదన. ఆంధ్రప్రదేశ్ హైకోర్టులో రెండుసార్లు ఓడిపోయారు. 1973 సెప్టెంబరులో సుప్రీంకోర్టూ కుదరదంది.

ఆ తీర్పులో న్యాయసూత్రాల సంగతి ఎలా ఉన్నా, టైలరింగ్ షాపు దినచర్య రాసిన భాగం మాత్రం చదివి తీరాలి. పని ఉంటే అందరూ రోజూ వస్తారు. రానివాళ్లు సెలవు చీటీ ఇవ్వరు, చెప్పాల్సిన పనీ లేదు. పని అయిపోతే షాపు మూయకముందే వెళ్లిపోవచ్చు. మజూరీ అందరికీ ఒకటే కాదు, చేతి పనితనాన్ని బట్టి, బట్టను బట్టి. కొందరు అప్పుడప్పుడు గుడ్డ ఇంటికి తీసుకెళ్లి కుట్టుకొస్తారు, యజమానికి చెప్పి. ఇంతవరకూ వింటే యజమాని వాదనే నిజమనిపిస్తుంది.

జస్టిస్ కె.కె. మాథ్యూ ఇంకో వైపు నుంచి చూశారు. కుట్టేది ఎవరి షాపులో? యజమాని షాపులో. మిషన్ ఎవరిది? యజమానిదే. కత్తిరించిన గుడ్డ చేతికిచ్చి ఇలా కుట్టాలని చెప్పేది ఎవరు? కుట్టు నచ్చకపోతే విప్పి మళ్లీ కుట్టమనేది, అయినా కుదరకపోతే ఇంక పనివ్వడం మానేసేది ఎవరు? అదంతా అజమాయిషీయే కదా. పక్కన నిలబడి ప్రతి కుట్టునూ చూడనక్కర్లేదు, బాగాలేదని తిప్పికొట్టే హక్కు ఉంటే చాలు. కాబట్టి పీసు లెక్క మీద కుట్టేవాళ్లూ ఆ షాపు ఉద్యోగులే. ఇంకో షాపుకు పనిచేసే వీలున్నంత మాత్రాన ఇక్కడ ఉద్యోగి కాకుండా పోరు.

దేశంలో ఎక్కడ ‘ఎవరు ఉద్యోగి, ఎవరు కాదు’ అన్న పేచీ వచ్చినా లాయర్లు ఇప్పటికీ ఈ తీర్పు తీస్తారు. బైక్ మీద బిర్యానీ తెచ్చే కుర్రాడి గురించి యాప్ కంపెనీలు చెప్పేది కూడా అదే పాత మాట: ఇష్టమైతే వస్తాడు, లేకపోతే లేదు. బండి మాత్రం కుర్రాడిది. అక్కడే చిక్కు.

ఉద్యోగి అని తేలింది సరే, పీఎఫ్ వస్తుందా? ఇక్కడ తలలు లెక్కపెట్టాలి. 1952లో ప్రావిడెంట్ ఫండ్ చట్టం వచ్చినప్పుడు మొదట చేరిన ఆరు పరిశ్రమల్లో వస్త్ర పరిశ్రమ ఒకటి. అప్పుడు యాభై మంది ఉంటేనే వర్తించేది. 1960లో దాన్ని ఇరవైకి దించారు. ఆ ఇరవై నేటికీ ఇరవైగానే ఉంది. ఎనిమిది మిషన్ల షాపుకు అది అందని సంఖ్య. యజమాని, ఎక్కువమంది పనివాళ్లు ఒప్పుకుంటే ఇరవై లేకపోయినా చేరొచ్చని చట్టంలోనే ఉంది గానీ, కోరి నెత్తిన వేసుకునే షాపులు ఎన్నుంటాయి?

ఇక ఇళ్లలో హుక్కులు, కాజాలు, ఫాల్ కుట్టే ఆడవాళ్లు ఏ హాజరు పట్టీలోనూ కనిపించరు. ఇంట్లో బీడీలు చుట్టేవాళ్లకు పీఎఫ్ ఇవ్వాల్సిందేనని సుప్రీంకోర్టు 1985లో చెప్పింది. కుట్టుపని ఇంటికి తెచ్చుకునేవాళ్ల పేర్లు రాసుకునేవాళ్లే లేరు.

అసలు పీఎఫ్ అంటే గార్మెంట్ కార్మికులకు ఎంత ప్రాణమో బెంగళూరు చూపించింది. సికింద్రాబాద్‌కు దానితో సంబంధం ఉంది, చెబుతాను. 2016 ఫిబ్రవరి 10న కేంద్రం ఒక నోటిఫికేషన్ ఇచ్చింది: ఉద్యోగం మానేసినా యజమాని కట్టిన వాటా 58 ఏళ్లు నిండేదాకా తీసుకోవడానికి వీల్లేదు. నెలకు ఎనిమిది వేలు వచ్చే టైలర్‌ను తీసుకోండి. ఆమె జీతంలోంచి 12 శాతం, అంటే 960 రూపాయలు పోతాయి. యజమాని కట్టే 960లో 8.33 శాతం కింద 666 పింఛను ఖాతాకు వెళ్తుంది. మిగిలేది 3.67 శాతం, దాదాపు 294 రూపాయలు. ఆపుతానన్నది ఈ డబ్బునే.

294 రూపాయలకు ఇంత రభసా అనుకునేవాళ్లు కుట్టు ఫ్యాక్టరీ జీవితం తెలియనివాళ్లు. గ్రాట్యుటీకి ఐదేళ్లు నిండాలి, లైన్ మీద టార్గెట్లకు తట్టుకుని ఐదేళ్లు ఒకేచోట ఉండేవాళ్లు తక్కువ. పిల్ల పెళ్లికో, అప్పు తీర్చడానికో ఉద్యోగం మాని, పీఎఫ్ తీసుకుని, ఇంకో ఫ్యాక్టరీలో చేరడం వాళ్ల పద్ధతి. ఏప్రిల్ 18న హోసూరు రోడ్డు మీద బొమ్మనహళ్లి దగ్గర వేలమంది కూర్చున్నారు. ఎక్కువమంది ఆడవాళ్లే. ఏ యూనియనూ పిలుపివ్వలేదు. మర్నాటికి పీణ్య, జాలహళ్లి దాకా పాకింది. లాఠీచార్జీ జరిగింది, బస్సులు తగలబడ్డాయి.

19నే నోటిఫికేషన్ రద్దయింది. రద్దు చేస్తున్నామని ప్రకటించిన కేంద్ర కార్మిక మంత్రి బండారు దత్తాత్రేయ. ఆయన అప్పుడు సికింద్రాబాద్ ఎంపీ. అన్నట్టు, కార్మిక శాఖ చూసిన సికింద్రాబాద్ ఎంపీ ఆయన ఒక్కరే కాదు. 1980లలో టి. అంజయ్యా చూశారు, ఆల్విన్ ఫ్యాక్టరీలో కార్మికుడిగా మొదలైన మనిషి.

చివరగా తలల లెక్కలో ఇంకో మార్పు. 1948 ఫ్యాక్టరీల చట్టం ప్రకారం కరెంటు వాడే చోట పది మంది ఉంటే అది ఫ్యాక్టరీ. గాలి, వెలుతురు, అగ్నిప్రమాదాల జాగ్రత్తలు, రెట్టింపు ఓవర్‌టైం అన్నీ ఆ పదితో మొదలయ్యేవి. 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చిన లేబర్ కోడ్‌లలో ఆ పది ఇరవై అయింది. పీఎఫ్ సంఖ్య 1960లో కిందికి దిగింది, ఇది పైకెక్కింది. పన్నెండు మిషన్ల షెడ్డు ఇప్పుడు ఫ్యాక్టరీ లెక్కలోకి రాదు.