అమ్మ తెలంగాణలో, నాన్న ఆంధ్రలో: పిల్లాడు ఎక్కడ లోకల్? (ఎపిసోడ్ పూర్తి పాఠం)

ఈరోజు టాపిక్ కొంచెం సున్నితమైంది. భార్యాభర్తలు విడిపోయారు. అమ్మ మన ఏన్కూరులో, నాన్న విజయవాడలో ఉంటున్నారు. పిల్లాడు ఇంజినీరింగ్‌కి వెళ్లాలి. వాడు ఏ రాష్ట్రానికి లోకల్? కస్టడీ ఎవరికుంటే ఆ రాష్ట్రమా? ఆధార్‌లో ఏ అడ్రస్ ఉంటే ఆ రాష్ట్రమా?

రెండూ కాదు. ఎందుకో చూద్దాం.

ముందు లోకల్ అయితే ఏంటి లాభం? కన్వీనర్ కోటా సీట్లలో 85 శాతం లోకల్ వాళ్లకే. ఫీజు రీయింబర్స్‌మెంట్ కూడా లోకల్ అయితేనే. అంటే ఇది ఒట్టి సర్టిఫికెట్ గొడవ కాదు. ఒంటరిగా పిల్లల్ని చదివించే తల్లికి నాలుగేళ్ల ఫీజు తన జేబులోంచి కట్టాలా వద్దా అన్న ప్రశ్న.

అమెరికాలో మనవాళ్లకి ఇలాంటిదే ఉంది, ఇన్-స్టేట్ ట్యూషన్ అంటారు. టెక్సాస్‌లాంటి చోట అమ్మానాన్నల్లో ఒకరు 12 నెలలుగా అక్కడే స్థిర నివాసం ఉంటే ఆ దారిలో పిల్లలకి తక్కువ ఫీజు దొరుకుతుంది. అక్కడ చూసేది తల్లిదండ్రుల నివాసం. మన దగ్గర లెక్క వేరు.

మన లెక్క రాజ్యాంగంలోని 371డి ఆర్టికల్ కింద 1974లో వచ్చిన రాష్ట్రపతి ఉత్తర్వులది. రాష్ట్రం విడిపోయాక పదేళ్లపాటు ఉమ్మడి ప్రవేశాలు నడిచాయి. ఆ గడువు 2024 జూన్ 2తో అయిపోయింది. తర్వాత 2025 ఫిబ్రవరి 27న తెలంగాణ ప్రభుత్వం జీవో 15 ఇచ్చింది. ఇంజినీరింగ్ లాంటి కోర్సులకి ఇప్పుడు అదే ఆధారం.

అందులో 85 శాతం సీట్ల రూల్ ఇది: అర్హత పరీక్షతో ముగిసేలా వరుసగా నాలుగేళ్లు తెలంగాణలో చదివి ఉండాలి. బీటెక్‌కి అర్హత పరీక్ష ఇంటర్ కాబట్టి 9, 10, ఇంటర్ ఫస్టియర్, సెకండియర్. అంతే. స్కూలుకి వెళ్లకుండా ప్రైవేటుగా చదివిన వాళ్లకైతే ఆ నాలుగేళ్లు ఎక్కడ నివసించారో చూస్తారు.

గమనించండి, ఈ రూల్‌లో అమ్మ లేదు, నాన్న లేడు, కోర్టు డిక్రీ లేదు. బడి ఒక్కటే ఉంది.

ఒక ఉదాహరణ అనుకుందాం. అబ్బాయి ఎనిమిది వరకు నాన్న దగ్గర విజయవాడలో చదివాడు. తర్వాత అమ్మ దగ్గరికి వచ్చి తొమ్మిది, పది ఏన్కూరులో, ఇంటర్ ఖమ్మంలో చేశాడు. వీడు తెలంగాణ లోకల్. నాన్న ఆధార్, రేషన్ కార్డు ఎక్కడున్నా సంబంధం లేదు.

ఇప్పుడు తిరగేద్దాం. అమ్మాయి పుట్టింది, పది దాకా చదివింది ఏన్కూరులోనే. ఇంటర్‌కి మాత్రం "నాన్న విజయవాడలోనే ఉన్నాడు కదా, అక్కడ పెద్ద కాలేజీలున్నాయి" అని పంపారు. మన ఖమ్మం జిల్లాలో ఇది మామూలే, తల్లిదండ్రులు కలిసున్న ఇళ్లల్లో కూడా. కానీ ఆ రెండేళ్లతో వరుస తెగిపోయింది. తెలంగాణలో నాలుగేళ్లు నిండలేదు, ఆంధ్రలో రెండేళ్లే అయ్యాయి. రెంటికీ చెడ్డ రేవడి అంటే ఇదే.

మరి ఆ అమ్మాయికి దారే లేదా? ఉంది. మిగిలిన 15 శాతం సీట్లు. నేను కోడ్ రాసేవాణ్ణి కాబట్టి ఆ భాషలో చెప్తా: 85లో ఉన్నది ఒకటే కండిషన్, 15లో మాత్రం 'ఆర్' ఉంది. అభ్యర్థి తెలంగాణలో మొత్తం పదేళ్లు ఉండి ఉండాలి, బయట చదివిన కాలం లెక్కలోకి రాదు. లేదా తల్లిదండ్రుల్లో ఎవరో ఒకరు ఇక్కడ మొత్తం పదేళ్లు ఉండి ఉండాలి, బయట ఉద్యోగం చేసిన కాలం తీసేసి. లేదా తల్లిగానీ తండ్రిగానీ ఇక్కడ ప్రభుత్వ ఉద్యోగంలో ఉండాలి.

'ఎవరో ఒకరు' అన్న మాట పట్టుకోండి. ఇద్దరూ అని రాయలేదు. కాబట్టి పిల్లలు మొదటి నుంచీ నాన్న దగ్గర విజయవాడలోనే చదివినా, అమ్మ పదేళ్లుగా ఏన్కూరులో ఉంటే ఆమె పేరు మీద 15 శాతానికి పోటీ పడొచ్చు. నాన్న సంతకం కోసం తిరగక్కర్లేదు. మీ సేవలో దరఖాస్తు పెట్టి, తహసీల్దార్ నుంచి అమ్మ నివాస ధ్రువపత్రం తీసుకోవాలి. అయితే ఆశలు ఎక్కువ పెట్టుకోకండి. ఆ 15లో లోకల్ వాళ్లు కూడా మెరిట్ మీద పోటీకి వస్తారు. వంద సీట్లుంటే పదిహేనే.

మెడిసిన్ సంగతి. 2024 జూలైలో వచ్చిన జీవో 33 కూడా ఇదే నాలుగేళ్లు అంది. ఇక్కడి శాశ్వత నివాసులకి దాన్ని వర్తింపజేయొద్దని హైకోర్టు 2024 సెప్టెంబరులో చెప్పింది. కానీ 2025 సెప్టెంబరు 1న సుప్రీంకోర్టు ప్రభుత్వ రూల్‌నే సమర్థించింది. బయట పనిచేసే రాష్ట్ర ప్రభుత్వ ఉద్యోగులు, సైనికుల పిల్లల్లాంటి కొందరికి మినహాయింపు ఉంది. విడాకులు ఆ లిస్టులో లేవు.

కాబట్టి నిర్ణయం తీసుకోవాల్సింది ఇంటర్ అయ్యాక కాదు, ఎనిమిది అయిపోయేటప్పుడు. మీరిద్దరూ మాట్లాడుకోకపోవచ్చు. పర్లేదు. కోర్టులో కస్టడీ ఒప్పందం రాసుకునేటప్పుడే 'తొమ్మిది నుంచి ఇంటర్ దాకా ఏ రాష్ట్రంలో' అన్న ఒక్క లైను వకీలుతో రాయించుకోండి. సెలవులు ఎవరి దగ్గరైనా గడపొచ్చు, లోకల్ పోదు. బడి మారితేనే పోతుంది.

చేతిలో ఉండాల్సినవి: ఆరు నుంచి ఇంటర్ దాకా స్టడీ సర్టిఫికెట్లు, నివాస, ఆదాయ ధ్రువపత్రాలు, డిక్రీ కాపీ. డిక్రీ లోకల్‌కి పనికిరాదు గానీ, ఆదాయ పత్రం దగ్గర "భర్త ఆదాయమెంత" అని అడిగితే చూపించడానికి ఉండాలి. స్టడీ సర్టిఫికెట్లు పిల్లలు బడి మారిన రోజే తీసుకోండి. కౌన్సెలింగ్ వారంలో పాత బడి కోసం రాష్ట్రం దాటి పరుగెత్తడం చాలా కష్టం.

అప్లై చేసే ముందు ఆ ఏడాది నోటిఫికేషన్‌లో లోకల్ పేరా ఒకసారి చదవండి. మీ ఇంట్లో ఎనిమిదో క్లాసు పిల్లలుంటే ఈ లెక్క ఇవాళే వేసుకోండి. తెలిసిన వాళ్లకి పంపండి. డౌట్లుంటే కింద రాయండి, వచ్చే ఎపిసోడ్‌లో మాట్లాడుకుందాం. ఉంటానండి.